ట్రైలర్‌లో కారు స్టీరియో ఆగి ఆగి పాడుతోందా? ముందు వైరు చూడండి

అడిగిన సంగతి క్లుప్తంగా: ఆలూరు దగ్గరి రైతు ఒకరు పాత కారు నుంచి తీసిన స్టీరియోను, నాలుగు స్పీకర్లను తన ట్రాక్టర్ ట్రైలర్‌లో బిగించుకున్నారు. ట్రైలర్ వెనక లైటుకు వెళ్ళే వైరు నుంచి ప్లస్, ట్రైలర్ ఇనుము నుంచి మైనస్ తీసుకున్నారు. సౌండు తక్కువగా ఉంటే బాగానే పాడుతుంది. పెంచితే ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. లైట్లు ఆపితే స్టేషన్లు, గడియారం అన్నీ మరిచిపోతుంది. ఇంజను తిరుగుతుంటే సన్నని కూత వినిపిస్తుంది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాలకు వెళ్ళినప్పుడు అక్కడ ట్రైలర్ నిలిపి, తమ ఊరి చెక్కభజన బృందానికి పాటలు పెట్టాలన్నది ఆయన కోరిక. స్ప్రేయర్ బ్యాటరీ సరిపోతుందా, ఇన్వర్టర్ పెట్టాలా, సోలార్ పలక పనికొస్తుందా అని అడిగారు.

మీ స్టీరియో బాగానే ఉంది. ఇంకొకటి కొనకండి. గుంతకల్లులో ట్రాక్టర్లకు, లారీలకు ఎలక్ట్రికల్ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇదే ఫిర్యాదుతో వచ్చిన ట్రైలర్లలో దాదాపు అన్నిటా తప్పు వైరులోనో మైనస్‌లోనో బయటపడింది. బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయన్నది ముఖ్యం కాదు. పాట గట్టిగా మోగుతున్న క్షణంలో స్టీరియో వెనక ఎన్ని వోల్టులు ఉన్నాయన్నదే ముఖ్యం. ఆ కొలత చూడకుండా బ్యాటరీ మార్చినా, స్టీరియో మార్చినా డబ్బు దండగ.

ఎందుకో చెబుతాను. ఇంజను తిరిగేటప్పుడు ట్రాక్టర్‌లో 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది. ఇంజను ఆపాక నిండు బ్యాటరీలో 12.6, 12.7 ఉంటుంది. సుమారు 11 వోల్టుల వరకు స్టీరియో ఎలాగో నెట్టుకొస్తుంది. 10 దగ్గరికి పడితే లోపలి చిప్పు పని ఆపేస్తుంది. డోలు దెబ్బ పడగానే స్టీరియో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది, స్టీరియో ఆగుతుంది. ఆగగానే కరెంటు లాగడం మానేస్తుంది కాబట్టి వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, స్టీరియో మళ్ళీ మొదలవుతుంది. మీరు చూస్తున్న ఆగడం, మొదలవడం ఇదే.

వైరు లెక్క చూడండి. వెనక లైటు వైరు సాధారణంగా ఒక చదరపు మిల్లీమీటరు మందం, ఒక్కోసారి అంతకన్నా సన్నం. 5 వాట్ల, 10 వాట్ల బల్బులకు అది చాలు. ట్రాక్టర్ బ్యాటరీ నుంచి ట్రైలర్‌లోని స్టీరియో దాకా దారి 8 మీటర్లు అనుకుందాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 8 మీటర్లకు నిరోధం దాదాపు 0.14 ఓములు. 8 ఆంపియర్లు లాగిన క్షణంలో ఒక్క ప్లస్ వైరులోనే 1.1 వోల్టులు పోతాయి. దారిలో లైట్ల స్విచ్చి, పాత ఫ్యూజు, ఏడు పిన్నుల సాకెట్‌లో దుమ్ము పట్టిన పిన్ను, తలా కొంత తింటాయి. ఇదంతా ప్లస్ వైపు నష్టమే.

అసలు గండం మైనస్ వైపు ఉంది. ట్రైలర్ ఇనుము నుంచి మైనస్ తీసుకున్నారు కదా, ఆ కరెంటు ట్రాక్టర్ బ్యాటరీకి తిరిగి చేరాలంటే హుక్కు, పిన్ను దాటి పోవాలి. ఆ పిన్నుకు గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, మట్టి ఉంటుంది. బండి కుదిపినప్పుడల్లా పిన్ను ఒకచోట తగులుతుంది, ఇంకోచోట వదులుతుంది. నల్లరేగడి పొలంలో వాన పడ్డాక ఒక రకంగా, వేసవిలో ఇంకో రకంగా ఉంటుంది. బరువు లాగడానికి చేసిన కీలు అది, దాన్ని కరెంటు దారిగా నమ్మకూడదు. స్టీరియోకు మైనస్ కూడా విడి వైరుతో, ప్లస్ ఎంత మందమో అంతే మందంతో, బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా రావాలి. చాలామంది ప్లస్‌కు మంచి వైరు వేసి, మైనస్‌కు ఒక స్క్రూ బిగించి వదిలేస్తారు. అప్పుడు ఖర్చు మొత్తం పెట్టి సగం పని చేసినట్టే.

వైరు కొనేముందు ఒక్క పరీక్ష చేయండి, పది నిమిషాలు పట్టదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీకి పెట్టండి. స్టీరియోలో డోలు, డప్పు బాగా ఉన్న పాట పెట్టి, అది ఆగిపోయే హద్దు దాకా సౌండు పెంచండి. ఎర్ర మొనను ట్రాక్టర్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల మొనను స్టీరియో వెనక ప్లస్ వైరు మీద ఉంచండి. మల్టీమీటర్ వైరు అంత దూరం చాలకపోతే ఏ పాత వైరు ముక్కతోనైనా పొడిగించుకోవచ్చు, కొలతకు అది అడ్డు కాదు. అంకె 0.3 దగ్గర ఉంటే ప్లస్ దారి బాగుంది. దెబ్బ పడినప్పుడల్లా 1, 1.5 అని ఎగురుతుంటే ప్లస్ దారిలో వోల్టేజీ పోతోంది. ఇప్పుడు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి స్టీరియో నల్ల వైరు మీద పెట్టి మళ్ళీ చూడండి. పాట మోగుతుండగా ఎవరినైనా ట్రైలర్ మీద ఎక్కి దిగమనండి. హుక్కు కదిలినప్పుడు అంకె గెంతితే జబ్బు ఏమిటో మీకే తెలిసిపోతుంది. మోగుతున్నప్పుడే కొలవాలన్నది గుర్తుంచుకోండి. స్టీరియో ఆపి కొలిస్తే ఎంత పాడైన వైరైనా ఈ కొలతలో సున్నా చూపించి బాగున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు అందులో కరెంటు పారడం లేదు.

కొత్త వైరు విషయానికి వస్తే, దుకాణంలో రెండున్నర ఎంఎం, నాలుగు ఎంఎం (అంటే చదరపు మిల్లీమీటర్లు) అని అడిగితే ఇచ్చే మల్టీస్ట్రాండ్ వైరు బాగుంటుంది. ఒంటి తీగ వైరు కుదుపులకు లోపలే విరుగుతుంది. రాను పోను 16 మీటర్ల దారికి, 8 ఆంపియర్ల దగ్గర, 2.5 వైరులో సుమారు 0.9 వోల్టు పోతుంది. 4 వైరులో 0.55, 6 వైరులో 0.37 పోతుంది. మీకు 4 చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చౌకగా దొరుకుతుంది, దాన్ని కొనకండి. దాని నిరోధం ఎక్కువ, బిగించిన చోట త్వరగా వదులవుతుంది.

ఫ్యూజు లేకుండా ఈ వైరు వేయకండి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. స్టీరియో వెనక దాని సొంత 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది కదా అనుకోవద్దు. అది స్టీరియోను కాపాడుతుంది, మధ్యలో ఉన్న 8 మీటర్ల వైరును కాపాడదు. ట్రైలర్ అంచుకు రాసుకుని వైరు తోలు పోయి ఇనుముకు తగిలితే, ఫ్యూజు లేని బ్యాటరీ వందల ఆంపియర్లు ఇస్తుంది. వైరు ఎర్రగా కాలుతుంది. మీ వైపు ట్రైలర్లు ఆదోని మార్కెట్టుకు పత్తి మోస్తాయి, మా వైపు వేరుశనగ కట్టె మోస్తాయి. రెండిటికీ ఒక్క రవ్వ చాలు. వైరును పీవీసీ గొట్టంలో పెట్టి ఛాసిస్ దూలం లోపలి అంచు వెంట కట్టండి. రేకుకు రంధ్రం వేసిన ప్రతిచోటా రబ్బరు బుష్ వేయండి. మీది టిప్పింగ్ ట్రైలర్ అయితే తొట్టి లేచే కీలు దగ్గర వైరు నలిగే చోటు ఒకటి ఉంటుంది. తొట్టి పూర్తిగా ఎత్తి, కింద ఊతం పెట్టి, వైరు ఎంత సాగుతుందో కళ్లారా చూసి అంత వదులు వదలండి. హుక్కు దగ్గర కూడా ట్రాక్టర్ పూర్తిగా మలుపు తిరిగినప్పుడు సరిపోయేంత వదులు కావాలి. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. మన ఎండలకు ఆ టేపు జిగురు కారిపోయి, రెండు నెలల్లో అంచు లేచి, రాగి బయటపడుతుంది. లగ్గు (వైరు చివర తొడిగే లోహపు తొడుగు) వేసి నొక్కి, పైన హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టేసేది) వేస్తే ఆ బెడద ఉండదు.

స్టేషన్లు మరిచిపోవడానికి కారణం వేరు. స్టీరియోకు ప్లస్ వైర్లు రెండు ఉంటాయి. విడిగా అమ్మే స్టీరియోల్లో పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీకి తగిలి ఉండాలి. ముఖ్యమైన కరెంటు దాని ద్వారానే వస్తుంది, జ్ఞాపకం కూడా దానిమీదే నిలుస్తుంది. ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడు ‘ఇక మేలుకో’ అని చెప్పే సంకేతం మాత్రమే. మీరు రెండిటినీ కలిపి లైటు వైరుకు తగిలించారు కాబట్టి లైటు ఆపగానే జ్ఞాపకం పోతోంది. పసుపును ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి ఇవ్వండి, ఎర్రదానికి మధ్యలో చిన్న స్విచ్చి పెట్టండి. కారు కంపెనీ బిగించి ఇచ్చిన స్టీరియో అయితే రంగులు ఇలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. పెట్టె మీద అంటించిన కాగితం చూసి తేల్చుకోండి. ఆపి ఉన్నప్పుడు కూడా పసుపు వైరు కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. 5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే నెలకు 3.6 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్‌ను గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్). ట్రాక్టర్ బ్యాటరీకి అది లెక్కలోది కాదు. చిన్న బ్యాటరీ పెట్టి ట్రైలర్‌ను నెలల తరబడి నిలిపేస్తే మాత్రం దాన్ని చంపేస్తుంది. అలా నిలిపేవాళ్లు పసుపు వైరుకూ స్విచ్చి పెట్టుకుని, స్టేషన్లు మళ్ళీ పెట్టుకోవడమే మేలు.

స్పీకర్ల గురించి మీరు అడగలేదు కానీ చెప్పి తీరాలి, ఎందుకంటే స్టీరియోలు ఎక్కువగా కాలిపోయేది ఇక్కడే. పాత రేడియోల అలవాటుతో కొందరు స్పీకర్ మైనస్‌ను బండి ఇనుముకు తగిలిస్తారు. ఈనాటి స్టీరియోల్లో టీడీఏ7388 లాంటి ఐసీ, అంటే సౌండు పెంచే చిప్పు ఉంటుంది. అందులో స్పీకర్‌కు వెళ్ళే రెండు వైర్లలోనూ సంకేతం ఉంటుంది, ఏదీ ఎర్త్ కాదు. దాన్ని ఇనుముకు తగిలిస్తే ఐసీ ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. ప్రతి స్పీకర్‌కూ రెండు వైర్లు స్టీరియో దాకా విడిగా రావాలి. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగులు ప్లస్‌లు. అదే రంగు మీద నల్ల గీత ఉన్నవి వాటి మైనస్‌లు. ఒకే వైర్ల జతకు రెండు 4 ఓముల స్పీకర్లను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్‌గా కలిపితే 2 ఓములు అవుతుంది. చాలా స్టీరియోలు ఆ భారానికి వేడెక్కి సౌండు కోసేస్తాయి.

పెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని రాసి ఉంటుంది, దాన్ని పట్టుకుని లెక్కలు వేయకండి. 10 ఆంపియర్ల ఫ్యూజును 14.4 వోల్టులతో గుణిస్తే 144 వాట్లు. లోపలికి 144 వాట్లు వెళ్ళే పెట్టె నుంచి 200 వాట్లు నిలకడగా ఎలా వస్తాయి? నిజంగా ఒక్కో చానల్‌కు 18 నుంచి 22 వాట్లు వస్తే మంచి స్టీరియో. ఆరుబయట సౌండు కావాలంటే వాట్ల వెంట పడకుండా స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు ఎంత సౌండు ఇస్తుందో చూసి కొనండి. 89 డెసిబెల్ స్పీకర్ బదులు 92 డెసిబెల్ స్పీకర్ పెడితే, అదే కరెంటుకు రెట్టింపు వాట్లు ఇచ్చినంత ఫలితం వస్తుంది. స్పీకర్‌ను రేకుకు వట్టిగా బిగించకుండా చెక్క పెట్టెలో పెట్టండి. పెట్టె లేకపోతే ముందు నుంచి వచ్చే గాలి, వెనక నుంచి వచ్చే గాలి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, డోలు మోత వినపడదు. సౌండు కోసం మీరు పెట్టే ఖర్చులో అన్నిటికన్నా గిట్టుబాటు ఈ చెక్క పెట్టెదే.

ఇక నిలిపిన ట్రైలర్‌లో పాటల సంగతి. ట్రాక్టర్ బ్యాటరీ సాధారణంగా 75 నుంచి 100 ఆంపియర్ అవర్లు ఉంటుంది. ఇంజను ఆపి దానిమీద ఓ గంట పాటలు పెట్టుకుంటే ఏమీ కాదు. రాత్రంతా పెడితే పొద్దున్నే ట్రాక్టర్ స్టార్ట్ కాదు, జాతరలో తోసేవాళ్లను వెతుక్కోవాలి. పైగా స్టార్టింగ్ కోసం చేసిన బ్యాటరీలో పలకలు సన్నగా ఉంటాయి. ఒక్కసారి పెద్ద కరెంటు ఇచ్చి వెంటనే నిండడానికి చేసినవి అవి. వాటిని మాటిమాటికీ అడుగంటిస్తే త్వరగా పోతాయి. అందుకే గంటల తరబడి పాటలు కావాలంటే ట్రైలర్‌కు విడిగా ఒక బ్యాటరీ ఉండడమే సరైన దారి.

ఎంత బ్యాటరీ? పాట మోగేటప్పుడు కరెంటు ఎగిసి పడుతుంది కానీ, ఆరుబయట మామూలు సౌండుకు సగటున 3 ఆంపియర్లు వేసుకోవచ్చు. ఐదు గంటలకు 15 ఆంపియర్ అవర్లు. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 30 అయినా కావాలి. స్ప్రేయర్ బ్యాటరీలు 8, 12 ఆంపియర్ అవర్లవి. 8 ఆంపియర్ అవర్లది గంటా ఇరవై నిమిషాల్లో సగానికి వస్తుంది. అది పాతదై, నాలుగు సీజన్లు మందు కొట్టి ఉంటే అంతసేపు కూడా రాదు. పొలం గట్టున చిన్న సౌండుతో వినడానికి సరే, చెక్కభజనకు చాలదు. చిన్న కార్లలో వాడే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సులువుగా దొరుకుతుంది. కానీ అదీ స్టార్టింగ్ బ్యాటరీయే. యూపీఎస్‌లలో వాడే 42 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ దొరికితే నేను దాన్నే వేస్తాను. పక్కకు ఒరిగినా యాసిడ్ ఒలకదు, కుదుపుల బండికి అది పెద్ద సుఖం. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీని తెచ్చి పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. కానీ అది యాభై కిలోలు దాటుతుంది, గుంతల రోడ్డులో యాసిడ్ చిమ్ముతుంది. నిలిపి ఉంచే ట్రైలర్‌కే అది తగును.

బ్యాటరీ ఎంత దిగిందో చూడడానికి చౌక వోల్ట్ మీటర్ ఒకటి ముందు పలక మీద బిగించండి. పాట ఆపి కాసేపు ఆగాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం, 11.8 అయితే దాదాపు ఖాళీ. 12.2 చూడగానే ఆపేస్తే బ్యాటరీ ఏళ్లు వస్తుంది.

ఈ రెండో బ్యాటరీని ట్రాక్టర్ బ్యాటరీకి ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ నేరుగా కలిపి వదిలేయకూడదు. అలా కలిపితే స్టీరియో రెండిటినీ ఖాళీ చేస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. మీరు స్టార్టర్ కొట్టినప్పుడు ఆ మోటారు వందల ఆంపియర్లు అడుగుతుంది, అందులో కొంత ట్రైలర్ బ్యాటరీ నుంచి మీ 4 ఎంఎం వైరు గుండా రావడానికి చూస్తుంది. మధ్యలో వోల్టేజీని చూసి పనిచేసే చార్జింగ్ రిలే, అంటే తనంతట తానే కలిపి విడదీసే స్విచ్చి పెట్టండి. ఇంజను తిరిగి వోల్టేజీ 13.3 దగ్గరికి వచ్చాక కలుపుతుంది, 12.8 దగ్గరికి పడితే విడదీస్తుంది. అది దొరకకపోతే లైట్లకు, హారన్లకు వాడే 40 ఆంపియర్ల మామూలు రిలే చాలు. 85, 86 పిన్నులు కాయిల్, అంటే రిలేను పని చేయించే తీగ చుట్ట. 30కి ట్రాక్టర్ బ్యాటరీ, 87కు ట్రైలర్ వైరు. కాయిల్‌కు డ్రైవర్ చేతికందే చోట ఒక స్విచ్చి పెట్టి, ఇంజను స్టార్ట్ అయ్యాకే వేయండి. ఇక్కడ రెండు వైపులా బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి ఫ్యూజులు కూడా రెండు కావాలి, వైరు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. ట్రైలర్ విప్పే చోట ఏడు పిన్నుల లైట్ల సాకెట్‌ను దీనికి వాడకండి. ఎలక్ట్రిక్ రిక్షాల చార్జింగ్‌కు వాడే 50 ఆంపియర్ల ఆండర్సన్ కనెక్టర్ పెట్టండి. దాని లోపలి పలకలు లోతుగా ఉంటాయి, విప్పినప్పుడు ఇనుముకు తగలవు.

ఇంత చేసినా పొలానికి వెళ్ళి వచ్చే దూరంలో సగం ఖాళీ అయిన బ్యాటరీ నిండదు. లెడ్ బ్యాటరీ చివరి భాగం నెమ్మదిగానే ఎక్కుతుంది, మొత్తం నిండడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. జాతరకు ముందురోజు ఇంటి దగ్గర చార్జర్ పెట్టి నింపుకోండి. లేదా సోలార్ పెట్టుకోండి.

సోలార్ మన జిల్లాలకు చక్కగా సరిపోతుంది. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1000 మెగావాట్లతో ఇక్కడే వెలిసిందంటే కారణం ఈ ఎండే. 12 వోల్టుల బ్యాటరీకి సరిపడే 100 వాట్ల పలక, తెరిపి ఉన్న రోజున 25 నుంచి 30 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. మీ ఐదు గంటల పాటలకు అందులో సగం చాలు. అయితే మే నెలలోనే ఎక్కువ వస్తుందని అనుకోవద్దు. పలక వేడెక్కే కొద్దీ ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లెక్కకట్టిన పలక మన వేసవిలో 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు పోయినట్టే. దాని వెనక గాలి ఆడేలా నాలుగు వేళ్ల ఎడం వదలండి. ట్రైలర్ మీద బిగిస్తే పత్తి బోరేలు ఎక్కించేటప్పుడు పగలడం ఖాయం, అందుకని కొట్టం కప్పు మీద పెట్టి, ట్రైలర్ వచ్చి నిలిచినప్పుడు ప్లగ్గు తగిలించుకోండి. మధ్యలో చార్జ్ కంట్రోలర్ (బ్యాటరీకి వెళ్ళే వోల్టేజీని హద్దులో ఉంచే పెట్టె) తప్పనిసరి, ఎందుకంటే పలకకు ఏమీ తగిలించకపోతే అది 21, 22 వోల్టులు చూపిస్తుంది. ముందు బ్యాటరీ తగిలించాకే పలక తగిలించాలి. చౌక కంట్రోలర్లలో చాలావరకు మైనస్ వైపే కోస్తాయి. అలాంటివాటి లోడ్ మైనస్‌నూ (స్టీరియోకు వెళ్ళేది), బ్యాటరీ మైనస్‌నూ రెండిటినీ ట్రైలర్ ఇనుముకు తగిలిస్తే కంట్రోలర్ ఉన్నా లేనట్టే. స్టీరియో మైనస్‌ను ఇనుముకు తాకనివ్వకుండా విడిగా ఉంచితే ఈ గొడవ రాదు. స్టీరియో పెట్టె ఒళ్లు కూడా లోపల మైనస్‌కే కలిసి ఉంటుంది, కాబట్టి దాన్ని చెక్క పెట్టెలోనే బిగించండి.

లిథియం, అంటే ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గురించి కూడా ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. తేలిక, ఎక్కువ ఏళ్లు వస్తుంది, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కానీ దాన్ని ట్రాక్టర్ ఆల్టర్నేటర్‌కు (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) రిలేతో నేరుగా కలపకండి. అది ఎంత ఇస్తే అంత తాగుతుంది, వైరు, ఆల్టర్నేటర్ రెండూ వేడెక్కుతాయి. మధ్యలో కరెంటును హద్దులో ఉంచి ఇచ్చే డీసీ చార్జర్ ఉండాలి. పైగా ఆ సెల్లులను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నీడలోనే 42 దాటుతుంది, రేకు పెట్టెలో ఇక చెప్పనక్కర్లేదు. లెడ్ బ్యాటరీకీ వేడి శత్రువే, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఏది పెట్టినా ట్రైలర్ కింద నీడపట్టున, గాలి ఆడే జల్లెడ పెట్టెలో, కదలకుండా పట్టీ వేసి బిగించండి.

ఇన్వర్టర్ మాత్రం వద్దు. 12 వోల్టులను 230 చేసి, మళ్ళీ దాన్ని అడాప్టర్‌తో 12 చేయడం కూలి రెండుసార్లు ఇవ్వడమే. ప్రతి మార్పులో పది, పదిహేను శాతం పోతుంది. పాట లేకపోయినా ఇన్వర్టర్ తన తిండి తాను తింటుంది. చౌక రకాల్లో గుయ్‌మనే శబ్దం అదనం. ఉరుకుందలో మీకు 230 వోల్టుల లైను దొరికితే, ఎల్‌ఈడీ పట్టీలకు వాడే 12 వోల్టుల, 20 ఆంపియర్ల పవర్ సప్లై తెచ్చి స్టీరియోను నేరుగా దానిమీద నడపొచ్చు. బ్యాటరీ చార్జర్‌ను మాత్రం, బ్యాటరీ లేకుండా, స్టీరియోకు నేరుగా తగిలించకండి. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ల నుంచి, కరెంటు లాగేది పెద్దగా లేనప్పుడు, వోల్టేజీ ఎగిసిన క్షణాల్లో 17, 18 వోల్టులు వస్తాయి.

లారీ వెనక ట్రైలర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. లారీల్లో 24 వోల్టులు ఉంటాయి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 లాగితే అదొక్కటే దిగిపోతుంది, ఇంకోటి అతిగా చార్జ్ అయి ఉడుకుతుంది. 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ కొనాల్సిందే.

ఇంజనుతోపాటు వచ్చే కూత. రేసు పెంచితే కూత సన్నబడుతూ పైకి పోతుంటే అది ఆల్టర్నేటర్ నుంచే. మొదట ఫోను చార్జింగ్ వైరు పీకి చూడండి. ఫోనును అదే 12 వోల్టుల నుంచి చార్జ్ చేస్తూ, సన్న పిన్ను వైరుతో స్టీరియోకు పాట ఇస్తుంటే, మైనస్ రెండు దారుల్లో తిరిగి కూత పుడుతుంది. చార్జర్ పీకగానే కూత ఆగితే, పాటను బ్లూటూత్ ద్వారా ఇవ్వండి, ఇంకేమీ కొనక్కర్లేదు. అప్పుడూ ఆగకపోతే నేను చెప్పిన విడి మైనస్ వైరు వేశాక మళ్ళీ వినండి, చాలాసార్లు దానితోనే పోతుంది. ఇంకా ఉంటే ఆల్టర్నేటర్ డయోడ్లు (దాని ఏసీని డీసీగా మార్చేవి) చూడాలి. ఇంజను తిరుగుతుండగా మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు పెట్టి ట్రాక్టర్ బ్యాటరీ మీద కొలవండి. 0.1 లోపు ఉంటే బాగుంది, 0.5 దాటితే డయోడ్ పోయినట్టే. అప్పుడు ఫిల్టర్ కొని కూతను దాచకండి, ఆల్టర్నేటర్ బాగు చేయించండి, లేకపోతే బ్యాటరీ కూడా పోతుంది.

ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ ఎప్పుడూ విప్పకండి. ఆల్టర్నేటర్‌కు బ్యాటరీ ఊతం పోయిన ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి స్టీరియోను కాల్చేస్తుంది. టెర్మినల్ వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది. ట్రైలర్‌కు వెల్డింగ్ చేయించే రోజున బ్యాటరీ రెండు టెర్మినళ్లూ, స్టీరియో వెనక ప్లగ్గూ పీకేయండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు ఎక్కడ పెట్టారో, కరెంటు ఏ దారిన పోతుందో మీకు తెలియదు.

ఇంకో రెండు విషయాలు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఉత్సవాలకు ప్రత్యేక సడలింపు ఉందేమో అక్కడి పోలీసులను ముందే అడగండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు, అదీ అడగండి. భజన బృందాన్ని బస్సులో పంపి, ట్రైలర్‌లో సామాను మాత్రమే తీసుకెళ్ళండి. రోడ్డు మీద నడుస్తున్నంతసేపు సౌండు బాగా తగ్గించి ఉంచండి, వెనక నుంచి వచ్చే లారీ హారన్ మీకు వినపడాలి.

ముందుగా ప్లస్ వైపు, మైనస్ వైపు కొలతలు తీసి ఇక్కడ రాయండి. రెండూ విడివిడిగా, పాట మోగుతుండగా తీసినవే కావాలి. వాటితోపాటు స్టీరియో మీద అంటించిన కాగితం ఫోటో కూడా పెట్టండి. వైరు ఎన్ని మీటర్లు, ఫ్యూజులు ఎక్కడెక్కడ అన్నది మీ బండి కొలతలతో గీసి ఇస్తాను.